తీపి పప్పు మీద కోపమెందుకు?

గుజరాతీ హోటల్లో తిని వచ్చిన తెలుగువాళ్లను భోజనం ఎలా ఉందని అడగండి. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, పప్పులో బెల్లం వేయడమేంటండీ?" అనే మాట రాకుండా జవాబు పూర్తికాదు. ఆఫీసు పని మీద అహ్మదాబాద్ వెళ్లొచ్చినవాళ్లు అంటారు, సరుకు కోసం సూరత్ తిరిగే బట్టల షాపులవాళ్లు అంటారు, ముంబైలో చుట్టాలింటికి వెళ్లి ఒక పూట బయట తిన్నవాళ్లూ అంటారు. ఆ ఒక్క ఫిర్యాదుతో ఒక ప్రాంతపు వంటనంతా పక్కకు నెట్టేస్తాం. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. లోపం పప్పులో లేదు. దాన్ని మనం తినే పద్ధతిలో ఉంది.

ముందు ఆ పప్పు సంగతి చూద్దాం. అది మన కందిపప్పే. మెత్తగా ఉడికించి, పలుకు మిగలకుండా చిలికి, నీళ్లు పోసి పల్చన చేస్తారు. అందులో అల్లం, పచ్చిమిర్చి, పసుపు, బెల్లం, పులుపుకు కోకమో చింతపండో నిమ్మరసమో పడతాయి. గుప్పెడు పల్లీలు కూడా వేసి బాగా మరగనిస్తారు. ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఇంగువ, ఎండుమిర్చి, కరివేపాకు పోపులో మనకు కొత్తగా కనిపించేవి లవంగాలూ దాల్చినచెక్కా మాత్రమే. మన పప్పుచారుకు దగ్గరి చుట్టమే ఇది. బెల్లం అంటారా, ముక్కల పులుసులో మనం వేయమా? కాకరకాయ పులుసు బెల్లం లేకుండా దిగుతుందా? గోదావరి జిల్లాల్లో దప్పళం తిని పెరిగినవాళ్లు కూడా గుజరాతీ దాల్‌ను చూసి మొహం తిప్పుకోవడం నాకు వింతగా ఉంటుంది.

ఆ బెల్లం అక్కడ చేసే పనేమిటో తెలియాలంటే వంటింట్లో లేనివేమిటో కూడా చూడాలి. జైనులకు ఉల్లి, వెల్లుల్లి లేవు. బంగాళాదుంప, క్యారెట్ లాంటి నేల కింద పండేవీ లేవు. స్వామినారాయణ సంప్రదాయంవాళ్లూ, వైష్ణవుల్లో చాలామందీ ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. అందుకే గుజరాతీ హోటళ్లలో జైన్ భోజనం విడిగా దొరుకుతుంది, బంగాళాదుంప ఉండాల్సిన చోట అరటికాయ కనిపిస్తుంది. ఉల్లిపాయ వేగితే కూరకు ఎంత తీపి వస్తుందో మనం గమనించం, ఎందుకంటే రోజూ తింటున్నాం. ఆ ఉల్లి లేని వంటలో ఆ లోటును బెల్లం, కొబ్బరి, నువ్వులు పూరిస్తాయి. ఇంగువ, పులుపు, అల్లం ఆ తీపిని అదుపులో పెడతాయి. (గుజరాత్ అంటే మొత్తం శాకాహారమనీ అనుకోనక్కర్లేదు. 2014 నాటి నమూనా నమోదు సర్వేలో అక్కడ మాంసాహారులు 40 శాతం దాకా తేలారు. మన రెండు రాష్ట్రాల్లో ఆ లెక్క 98 శాతం దాటింది.)

ఇక తినే పద్ధతి. మన భోజనానికి ఒక వరస ఉంది. పప్పూ నెయ్యీ ముందు, తర్వాత కూర, పచ్చడి, ఆపైన పులుసో చారో, చివర పెరుగు. ఒకటి అయ్యాకే ఇంకొకటి. గుజరాతీ పళ్లెంలో ఈ వరస లేదు. రెండు మూడు కూరలు, పెసలో అలసందలో ఉడికించిన కఠోళ్, చిరుతిండి ఫర్సాణ్, దాల్, మజ్జిగ పులుసులాంటి కఢీ, మిఠాయి, తీపి మామిడి ఛుందో, పచ్చి కూరగాయ ముక్కల కచుంబర్, అప్పడం, ఛాస్ అనే మజ్జిగ అన్నీ ముందే వచ్చి కూర్చుంటాయి. తినడమూ అలాగే. రోట్లీ తుంచి వంకాయ, బంగాళాదుంప కూరతో ఒక ముద్ద, నూనెలో వేయించిన పచ్చిమిరపకాయ ఒక కొరుకు, ఒక చెంచా దాల్, మోహన్‌థాల్ మిఠాయి చిన్న ముక్క, మళ్లీ కూర, మధ్యలో ఒక గుటక మజ్జిగ. తీపి చివరిదాకా ఆగదు, భోజనమంతా మధ్యమధ్యలో తగులుతూనే ఉంటుంది. కారం మండుతుండగా నోటికి తగిలే తీపి వేరు, ఖాళీ నోటికి తగిలే తీపి వేరు.

మనవాళ్లు ఏం చేస్తారు? దాల్ గిన్నె ఎత్తి సూప్ తాగినట్టు తాగుతారు. లేదా అన్నం వచ్చేదాకా ఆగి, రెండు గిన్నెల దాల్ పోయించుకుని పప్పన్నంలా అదొక్కటే కలుపుకుని తింటారు. మిఠాయి చివర తిందామని పక్కన పెట్టుకుంటారు. అలా తింటే వెగటు పుట్టక ఏమవుతుంది? పక్కన అథాణు (ఊరగాయ), కచుంబర్, అప్పడం ఊరికే అలంకారానికి పెట్టినవి కావు కదా.

ముంబై కాల్బాదేవిలో శ్రీ ఠాకర్ భోజనాలయ్ ఉంది. 1945 నుంచి నడుస్తోంది. దగ్గర్లోనే 1874లో మొదలైన ముల్జీ జేఠా మార్కెట్, మంగళ్‌దాస్ మార్కెట్, ఆ చుట్టూ బట్టల గోదాములు, బంగారం దుకాణాలు. కాఠియావాడ్ నుంచి, కచ్ నుంచి వచ్చి ఇల్లూ వాకిలీ అక్కడే వదిలి గుమాస్తాలుగా, దళారులుగా బతికిన మగవాళ్లకు రెండు పూటలా ఇంటి తిండి పెట్టడం కోసం ఆ వీధుల్లో భోజనశాలలు పుట్టాయి. నెలవారీ ఖాతా పెట్టుకుని తినేవాళ్లే వాటికి ఆధారం. రోజూ తినేవాడి కోసం వండే వంటకు ఒక లక్షణం ఉంటుంది. నూనె మితంగా ఉండాలి, కూర రోజుకొకటి మారాలి, మధ్యాహ్నం తిన్నాక మళ్లీ గద్దె మీద కూర్చుని లెక్కలు రాసుకోగలగాలి. ఇవాళ కుటుంబాలతో, సూట్‌కేసులతో వచ్చే మనం అక్కడ అతిథులం. ఆ వంట మన కోసం రూపుకట్టింది కాదు.

వడ్డన కూడా ఈ తినే పద్ధతిలోంచే వచ్చింది. అన్నీ కలిపి తింటున్నప్పుడు ఏ గిన్నె ఎప్పుడు ఖాళీ అవుతుందో చెప్పలేం. అందుకే గిన్నెలు చిన్నవి, వడ్డించేవాళ్లు ఎక్కువ. కూరల క్యారియర్ పట్టుకున్న మనిషి ఒకవైపు నుంచి వస్తాడు, నెయ్యి గిన్నెతో ఇంకొకడు, రోట్లీలతో మూడోవాడు. ఆ రోట్లీ మన పుల్కా కంటే పల్చన. పొంగి, పెనం దిగి, నెయ్యి రాసుకుని పళ్లెంలో పడిన తర్వాత రెండు మూడు నిమిషాలే దాని ప్రాణం. అందుకే ఒకేసారి నాలుగు పెట్టరు, ఒకటి అయ్యేలోపు ఇంకొకటి తెస్తారు. వద్దన్నా "ఒక్కటి, వేడిది" అని బతిమాలతారు. ఆ బలవంతాన్ని వాళ్లు మర్యాదగానే చూస్తారు, మన పల్లెటూళ్ల పెళ్లి పంక్తుల్లో కొసరి వడ్డించినట్టు. ముంబైలోనూ అహ్మదాబాద్‌లోనూ ఈ వంటవాళ్లలో, వడ్డించేవాళ్లలో చాలామంది రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్లు. ఇల్లు వదిలి వచ్చినవాళ్ల కోసం మొదలైన భోజనశాలను ఇవాళ ఇల్లు వదిలి వచ్చినవాళ్లే నడుపుతున్నారు. బిల్లు కట్టేముందు వాళ్ల పేరు అడిగి రెండు మాటలు మాట్లాడితే బాగుంటుందని నా కోరిక.

థాలీ అంత తినలేనివాళ్లకు ఫర్సాణ్ హోటళ్లున్నాయి. ముంబై తాడ్‌దేవ్‌లో 1963లో మొదలైన స్వాతి స్నాక్స్ వాటిలో పేరుమోసింది. అక్కడ పాన్కీ అడగండి. బియ్యప్పిండి జారుగా కలిపి, అరటాకు మీద పల్చగా రాసి, పైన ఇంకో ఆకు కప్పి పెనం మీద కాలుస్తారు. ఆకు తెరిస్తే ఆవిరితో పాటు పసుపుపచ్చని పొర ఊడి వస్తుంది. ఈనెల అచ్చు దాని మీద కనబడుతుంది. పచ్చి కొత్తిమీర చట్నీతో నోట్లో పెట్టుకుంటే నమలక్కర్లేదు. అట్టు మీద ప్రేమ ఉన్న తెలుగువాళ్లెవరికైనా ఇది నచ్చి తీరుతుంది.

కారమే కావాలంటే దానికీ గుజరాత్‌లోనే చోటుంది. సౌరాష్ట్ర వైపు కాఠియావాడీ హోటళ్లలో సజ్జ రొట్లో, నిప్పుల మీద కాల్చి మెదిపిన వంకాయ ఓళో, సేవ్ టమాటా కూర, ఎర్రటి వెల్లుల్లి చట్నీ పెడతారు. బెల్లం కూరలో కలపరు, గడ్డగా పక్కన పెడతారు, ఇష్టముంటే కొరుక్కోవచ్చు. సూరత్‌లో తరాలుగా మగ్గాలు నమ్ముకుని ఉంటున్న మన పద్మశాలీ కుటుంబాలను అడిగితే ఈ తేడాలన్నీ నాకంటే బాగా చెబుతారు.

నా బాధ అంతా మన ఊళ్లలో జరుగుతున్నదాని గురించే. కోఠీలో గుజరాతీ గల్లీ అని ఏకంగా ఒక వీధికే పేరున్న నగరం హైదరాబాద్. అలాంటి చోట ఈమధ్య ఒక థాలీ హోటల్లో దాల్ నోట్లో పెట్టుకుంటే బెల్లం లేదు, పులుపు లేదు, పల్లీల జాడ లేదు. ఎండుకారం మాత్రం దండిగా ఉంది. పక్క గిన్నెలో పనీర్ బటర్ మసాలా, ఆ పక్కన మంచూరియా. వడ్డించే అబ్బాయిని అడిగితే "ఇక్కడివాళ్లు తీపి వద్దంటారు సార్" అన్నాడు. తప్పు అతనిది కాదు, యజమానిది కూడా పూర్తిగా కాదు. గిన్నెల సంఖ్య చూసి హోటల్ ఎంచుకుంటున్నది మనం, పప్పు మార్చమని అడుగుతున్నదీ మనమే. గిన్నెలు పెరిగేకొద్దీ ఒక్కో గిన్నె మీద పెట్టే శ్రద్ధ తగ్గుతోంది. రోట్లీ, దాల్, కఠోళ్, ఈ మూడూ సరిగా ఉన్న చోట మిగతావి ఎనిమిదున్నా పన్నెండున్నా నాకొకటే.

నిజానికి ఆ తినే పద్ధతి మనకు రానిదేమీ కాదు. ఎండాకాలంలో పెరుగన్నంలో మామిడిపండు నంజుకుంటాం, ఆ పక్కనే ఆవకాయ ముక్క ఉంటుంది. ఉప్పు, పులుపు, కారం, తీపి ఒకే ముద్దలో. అది తిన్నప్పుడు ఇది తీపి, ఇది కారం అని ఎవరమూ విడదీయం. ఏప్రిల్, మే నెలల్లో గుజరాతీ హోటల్‌కు వెళితే ఆమ్‌రస్ ఉంటుంది. అందులో చిటికెడు శొంఠిపొడి, చెంచాడు నెయ్యి వేయమని అడగండి. రెండు పొరలుగా విడిపోయే బే పడీ రోట్లీ దొరికితే దాన్నే తెప్పించుకోండి. రసం గిన్నెను చివరికని పక్కన పెట్టకుండా, కారం కూరతో పాటే, మొదటి రోట్లీ నుంచే తినడం మొదలుపెట్టండి.