మండేది ద్రవం కాదు, ఆవిరి!

పిల్లలూ! దహనం జరగాలంటే ఏమేం కావాలని అడిగితే మీరు తడుముకోకుండా చెబుతారు: మండే పదార్థం, ఆక్సిజన్, తగినంత వేడి. జ్వలన ఉష్ణోగ్రత నిర్వచనం కూడా గడగడా అప్పజెబుతారు. మంచిదే. ఇప్పుడు ఇంకో ప్రశ్న. మూతలేని డబ్బాలో పెట్రోలు ఉంది. దానికి నాలుగడుగుల దూరంలో ఎవరో అగ్గిపుల్ల గీశారు. పుల్ల పెట్రోలును తాకనే లేదు. అయినా పెట్రోలు భగ్గుమనవచ్చు. ఎందుకని?

చాలా ఏళ్ళుగా హైస్కూలులో సైన్సు పాఠాలు చెబుతున్నాను. ఈ ప్రశ్నకు వెంటనే సరైన జవాబు చెప్పినవారు తక్కువ. జవాబు మాత్రం చిన్నదే. మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. నీటి మరుగు స్థానం ఎంతో ప్రతి విద్యార్థికీ ఎలా తెలుసో, ఈ సంగతి కూడా అలాగే తెలియాలని నా అభిప్రాయం. ఇది మార్కుల కోసం చెబుతున్న మాట కాదు, ప్రాణాల కోసం చెబుతున్నది.

అచ్యుతాపురంలో ఏం జరిగింది?

2024 ఆగస్టు 21 మధ్యాహ్నం అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని ఎసెన్షియా మందుల కర్మాగారంలో పెద్ద పేలుడు జరిగింది. 17 మంది చనిపోయారు. ఎంతోమంది గాయపడ్డారు. అక్కడ వాడుతున్న ద్రావణి పేరు మిథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్. క్లుప్తంగా ఎం.టి.బి.ఇ. అంటారు. చూడటానికి నీళ్ళలాగే ఉంటుంది. మందుల తయారీలో పదార్థాలను కరిగించడానికి, వేరు చేయడానికి ఇలాంటి ద్రవాలు కావాలి. ఆ ద్రవాన్ని ఒకచోటి నుంచి మరొకచోటికి పంపుతుండగా అది కారిందనీ, దాని ఆవిరి గాలిలో కలిసి అంటుకొని పేలిందనీ అధికారుల ప్రాథమిక పరిశీలనలో తేలింది.

గమనించండి. అక్కడ మందుగుండు సామాను ఏదీ లేదు. కారింది ఒక ద్రవం, పేలింది దాని ఆవిరి.

ఫ్లాష్ పాయింట్ అంటే?

తడిబట్ట ఆరడానికి నీళ్ళు మరగనక్కరలేదు కదా! అలాగే మండే ద్రవాలు కూడా మరగకుండానే కొంచెం కొంచెంగా ఆవిరి అవుతూ ఉంటాయి. ఆ ఆవిరి గాలిలో తగినంత చేరితేనే మంట పుడుతుంది. నిప్పు చూపగానే తటాలున అంటుకునేంత ఆవిరి ద్రవం పైన ఏ కనిష్ఠ ఉష్ణోగ్రత వద్ద చేరుతుందో, ఆ ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింట్ అంటారు.

పెట్రోలు ఫ్లాష్ పాయింట్ సున్నాకు సుమారు 40 డిగ్రీల సెల్సియస్ దిగువన ఉంటుంది. ఎం.టి.బి.ఇ.ది సున్నాకు సుమారు 30 డిగ్రీల దిగువన. రంగుల్లో కలిపే తిన్నర్లలో తరచుగా ఉండే టోలీన్‌ది 4 డిగ్రీలు. శుద్ధమైన ఇథైల్ ఆల్కహాల్‌ది 13 డిగ్రీలు. కిరోసిన్‌ది 40 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ.

ఇప్పుడు ఈ అంకెలను మన ఎండలకూ చలికీ జోడించి చూడండి. పుష్యమాసంలో ఆదిలాబాదు వైపు తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకు దిగడం మామూలే. మనం గొంగళి కప్పుకొని వణుకుతున్నా, టోలీన్ మాత్రం అంటుకునేంత ఆవిరిని వదులుతూనే ఉంటుంది. మే నెలలో రామగుండంలో 45 డిగ్రీల ఎండ కాస్తుంది. అప్పుడు మనవాళ్ళు గ్యాసునూనె అని పిలిచే కిరోసిన్ కూడా ఫ్లాష్ పాయింట్ దాటి పెట్రోలులా ప్రవర్తిస్తుంది. చలికాలంలో గ్యాసునూనెలో వేసిన అగ్గిపుల్ల ఆరిపోయిందని ఎవరైనా గొప్పగా చెబితే, ఆ ధైర్యాన్ని మీరు తెచ్చుకోకండి. ద్రవం అదే, పుల్ల అదే, మారింది ఉష్ణోగ్రత.

ఇంకో పొరపాటు అభిప్రాయం ఉంది. టోలీన్ జ్వలన ఉష్ణోగ్రత 480 డిగ్రీలని చదివి, అంత వేడి ఎక్కడినుంచి వస్తుందిలే అనుకుంటారు. అది నిప్పు చూపకుండా తనంతట తాను అంటుకునే ఉష్ణోగ్రత. నిప్పురవ్వ ఉంటే 4 డిగ్రీలు చాలు.

లెక్క వేసి చూద్దాం

ఎం.టి.బి.ఇ. అణువులో 5 కార్బన్, 12 హైడ్రోజన్, 1 ఆక్సిజన్ పరమాణువులున్నాయి. 60 + 12 + 16 = 88. ఇది దాని అణుభారం. గాలి సగటు అణుభారం 29. అంటే దీని ఆవిరి గాలికంటే మూడు రెట్లు బరువు. కాబట్టి పైకి పోదు, నేలను పట్టుకొని పాకుతుంది. గుంటల్లో, మోరీల్లో చేరుతుంది. ఎక్కడో దూరాన ఒక స్విచ్చి దగ్గరో, పొయ్యి దగ్గరో అంటుకుంటే మంట అదే దారిన ద్రవం దాకా వెనక్కి పరుగెత్తుకొస్తుంది.

ఒక లీటరు ఎం.టి.బి.ఇ. 740 గ్రాములు తూగుతుంది. 88తో భాగిస్తే సుమారు 8.4 మోల్‌లు. గది ఉష్ణోగ్రత వద్ద ఒక మోల్ వాయువు 24 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అంటే లీటరు ద్రవం నుంచి దాదాపు 200 లీటర్ల ఆవిరి! గాలిలో ఈ ఆవిరి నూటికి 1.6 వంతులుంటే చాలు, అంటుకుంటుంది. ఆ లెక్కన రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గదిని ప్రమాదకరంగా మార్చడానికి ఒక్క లీటరు సరిపోతుంది. కర్మాగారాల్లో లీటర్లు కాదు, పీపాలకు పీపాలే ఉంటాయి.

మన వాకిట్లోనూ ఉంది

ఇదంతా కర్మాగారాల గొడవ అనుకోవద్దు. 2023 నవంబరు 13న హైదరాబాదు నాంపల్లిలోని బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనం కింది అంతస్తులో నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకొని తొమ్మిది మంది చనిపోయారు. పైన కాపురముంటున్న కుటుంబాలు బలయ్యాయి.

మన ఊళ్ళలోనూ తిన్నరు వాడే రంగుల దుకాణం పక్కనే వెల్డింగు దుకాణం కనిపిస్తుంది. ఖాళీ డ్రమ్ము కదా అని గ్యాసు కట్టరుతో కోస్తారు. నిజానికి నిండు డ్రమ్ముకంటే ఖాళీ డ్రమ్ము ఎక్కువ ప్రమాదం. లోపల మిగిలిన ఆవిరికి గాలి కూడా తోడై ఉంటుంది. రవ్వ తగిలితే అది బాంబే. ద్రవాన్ని వేగంగా పోస్తున్నప్పుడు స్థిర విద్యుత్తు కూడా పుడుతుంది. అందుకే పెద్ద ఎత్తున నింపేచోట ట్యాంకరును ముందుగా తీగతో భూమికి కలుపుతారు.

భయపెట్టడం కాదు

పిల్లలకు ఇవన్నీ ఎందుకు, భయపడతారు, లేదా ఆకతాయి పనులు చేస్తారు అనే పెద్దలున్నారు. నేను ఒప్పుకోను. కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాల నుంచి ఐటీఐ, పాలిటెక్నిక్, బీఎస్సీ చదివిన పిల్లలు పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు కర్మాగారాల్లో పనికి పోతున్నారు. అక్కడ "జాగ్రత్తగా ఉండు" అని చెబితే సరిపోదు. దేనికి జాగ్రత్త? ఈ ద్రవం ఫ్లాష్ పాయింట్ ఎంత? పంపుకు ఎర్తింగు ఉందా? ఆవిరిని పసిగట్టే పరికరం పనిచేస్తోందా? గాలి బయటికి పోయే దారి ఏది? తెలిసినవాడే ఈ ప్రశ్నలు అడగగలడు.

ప్రమాదం జరిగిన ప్రతిసారీ కార్మికుడి నిర్లక్ష్యం అనడం కూడా న్యాయం కాదు. గొట్టం, వాల్వు, హెచ్చరిక గంట సరిగా ఉంచడం యజమాని బాధ్యత. తనిఖీ చేయడం ప్రభుత్వ బాధ్యత. 1984లో భోపాల్ ఘోరం జరిగాక 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదాల సంగతి కార్మికులకూ చుట్టుపక్కల ప్రజలకూ చెప్పాలని నియమం పెట్టారు. అయితే ఏమి అడగాలో తెలియనివాడికి ఆ హక్కు ఉన్నా లేనట్టే.

కాబట్టి ప్రతి హైస్కూలులో దీనికి రెండు పీరియడ్లు కేటాయించాలని నా కోరిక. పెట్రోలుతో ప్రయోగాలు అక్కరలేదు. ఒక కొవ్వొత్తి చాలు. టీచరుగారు కొవ్వొత్తిని ఊది ఆర్పి, పైకి లేచే తెల్లటి పొగకు అగ్గిపుల్ల చూపితే, వత్తిని తాకకుండానే మంట పొగ వెంట దిగి వత్తిని వెలిగిస్తుంది. మండేది మైనపు ఆవిరి అని పిల్లలు కళ్ళారా చూస్తారు.

మీరు చేయగల పనులూ ఉన్నాయి. 44వ నెంబరు జాతీయ రహదారిపై పోయే ట్యాంకరు వెనక బోర్డు చదవండి. ఎర్రని పలకపై మంట బొమ్మ, 3 అంకె ఉంటే అది మండే ద్రవం. 1203 అని ఉంటే పెట్రోలు. అలాంటి ట్యాంకరు బోల్తాపడితే దగ్గరికి పోవద్దు, ఇతరులనూ పోనివ్వవద్దు. 2017 జూన్ 25న పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ దగ్గర బోల్తాపడిన ట్యాంకరు నుంచి కారే నూనె పట్టుకోవడానికి ఎగబడినవారిలో 200 మందికి పైగా కాలిపోయారు. దూరంగా, గాలి వచ్చే వైపుకు జరిగి 101కో 112కో ఫోను చేయండి.

లాబులో వెలుగుతున్న స్పిరిట్ దీపంలో స్పిరిట్ పోయవద్దు. పెట్రోలు, కిరోసిన్ లాంటి ద్రవం మండుతుంటే నీళ్ళు కుమ్మరించవద్దు, ద్రవం నీటిపై తేలి మంట ఇంకా పరుచుకుంటుంది. ఇసుక గానీ, నురగ గానీ, పొడి గానీ వాడాలి. బట్టలకు మంటలంటుకుంటే పరుగెత్తక నేలపై పడి దొర్లాలి. కాలినచోట 20 నిమిషాలు మామూలు చల్లని నీళ్ళు ధారగా పోయాలి.

ఈసారి మీ ఇంట్లో తిన్నరు డబ్బాగానీ, శానిటైజరు సీసాగానీ కనిపిస్తే దాని మీద అక్షరాలు చిన్నవని వదిలేయకండి. పూర్తిగా చదివి, అందులో ఏముందో అమ్మకూ నాన్నకూ కూడా చెప్పండి.