జబ్బు పందికి కాదు... పక్క పందికి మందు!

పంది మేత ముట్టలేదంటే పెంచేవాళ్ల గుండెల్లో రాయి పడుతుంది. ఒళ్లు కాలిపోతుంటుంది. అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని మూలకు చేరతాయి. చెవుల మీదా పొట్ట మీదా ఊదారంగు మచ్చలు తేలాయంటే ఇక ఆశ వదులుకోవాల్సిందే. పశువుల డాక్టరు సూదిమందు వేస్తారు. సందు చూసుకుని చేరే బ్యాక్టీరియాను అది ఆపుతుందేమోగానీ అసలు వైరస్ జోలికి పోదు. స్వైన్ ఫీవర్ తీరే అంత. పేరు వినగానే 2009 నాటి స్వైన్ ఫ్లూ గుర్తుకు రావచ్చు. అది వేరు, ఇది వేరు. ఇది మనుషులకు సోకదు. అందుకే కాబోలు, దీనికి మందు కనిపెట్టాలన్న తొందర చాలాకాలం ఎవరికీ పుట్టలేదు.

ఆ తొందర పుట్టించింది నెదర్లాండ్స్. 1997 ఫిబ్రవరిలో అక్కడి ఓ ఫారంలో జబ్బు బయటపడింది. జర్మనీ వెళ్లొచ్చిన పశువుల లారీ మోసుకొచ్చిందని అంచనా. ఏడాది తిరిగేసరికి 429 ఫారాలకు పాకింది. చంపేసిన పందులు కోటికి పైనే! విచిత్రమేమంటే వాటిలో ఎక్కువ భాగం ఆరోగ్యంగా ఉన్నవే. రాకపోకలు ఆపేయడంతో అమ్ముకునే దారి లేక, పెరిగిపోయిన పందులకు కొట్టాల్లో చోటు చాలక చంపేశారు.

మరి టీకా లేదా అంటే... ఉంది. యూరప్ దేశాలే 1990 నుంచి దాన్ని మామూలుగా వేయడం మానేశాయి. టీకా వేసిన పందికీ జబ్బు వచ్చిపోయిన పందికీ రక్తపరీక్షలో తేడా తెలియదు. అలాంటప్పుడు ఆ మాంసాన్ని పొరుగు దేశాలు కొనవు. పైగా టీకా వేసిన గంటలోనే రక్షణ రాదు, దాదాపు వారం పడుతుంది. వైరస్ వారం ఆగదు కదా.

ఆ వారాన్ని మందుతో పూడ్చవచ్చా అని బెల్జియం శాస్త్రవేత్తలు ఆలోచించారు. కణంలోకి దూరిన వైరస్ తన నకళ్లు తానే తీసుకుంటుంది. అందుకు వాడుకునే ఎంజైమును పట్టేసే మందు ఒకటి వాళ్ల చేతిలో ఉంది. పేరు బీపీఐపీ. దాన్ని దాణాలో కలిపి పెట్టి, పందులకు వైరస్ ఎక్కించి చూశారు. నెత్తుట్లో వైరస్ తక్కువగా, తక్కువ రోజులే కనిపించింది. 2009లో వెలువడిన మరో ప్రయోగం ఇంకా ఆసక్తికరమైనది. మందు తిన్న పందుల పక్కనే మందు తినని పందుల్ని ఉంచారు. వాటికి జబ్బు అంటుకోవడం బాగా తగ్గింది. అంటే ఈ మందు పని ఉన్న రోగిని బతికించడం కాదు, జబ్బు పక్క దొడ్డిలోకి దాటకుండా గోడ కట్టడం!

అయినా అది ఫారాలదాకా రాలేదు. చిక్కులు చాలానే ఉన్నాయి మరి. జబ్బు ముదిరిన పంది మేతే ముట్టదు, ఇక దాణాలో మందు కలిపి ఏం లాభం? మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది. ఆరు నెలలకు వంద కిలోలు తూగి కబేళాకు పోయే జంతువుకు ఆ ఖర్చు గిట్టుబాటవ్వాలి. మాంసంలో మందు మిగలకూడదు. అన్నిటికీ మించి వైరస్ మందుకు అలవాటు పడితే? చైనాలో కోళ్లకు మనుషుల ఫ్లూ మందు అమాంటడిన్ పెడుతున్నారని 2005లో గగ్గోలు పుట్టి, ప్రభుత్వం నిషేధించాల్సి వచ్చింది. 2020లో అస్సాం, అరుణాచల్‌ప్రదేశ్‌లలోకి అడుగుపెట్టిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మరో రకం వైరస్. దానిమీద ప్రయోగశాలలో కణాల్లో బాగా పనిచేసిన మందులు కూడా తీరా పంది ఒంట్లోకి వెళ్లేసరికి చతికిలపడ్డాయి.

కాబట్టి పాత స్వైన్ ఫీవర్‌కు మన దగ్గర ఆసరా టీకాయే. ఒకప్పుడు దానికోసం కుందేళ్లను బలిపెట్టేవారు. 2020లో భారత పశువైద్య పరిశోధన సంస్థ కణాల్లో పెంచి తయారుచేసే టీకాను తెచ్చింది. డోసు ఖర్చు రెండు రూపాయలలోపేనని అప్పట్లో ప్రకటించారు. నాలుగైదు పందులే ఆస్తిగా బతికే ఎరుకల కుటుంబాలకు అది మోయలేని ఖర్చేమీ కాదు. సమయానికి ఊళ్లోకి చేరాలి, అంతే. ఇక హోటళ్ల నుంచి తెచ్చే ఎంగిలి అన్నం, కూరలు... వాటిలో పంది మాంసం ముక్క ఉంటే వైరస్ కూడా దాంతోపాటే దొడ్డిలోకి వస్తుంది. పెద్ద గంగాళంలో బాగా మరిగించి, చల్లార్చి పెడితే చాలు, అది చచ్చిపోతుంది.