మూడో తలుపు, మూడో సభ, మా మేనమామ సర్పంచ్ గిరీ



మొన్న క్లాసులో ఎనిమిదో షెడ్యూల్ గురించి చెబుతూ ఒక ప్రశ్న వేశాను. మన రాజ్యాంగంలో కాకుండా తెలుగు అనే పేరు ఇంకే దేశ రాజ్యాంగంలో ఉంది? ఒకడు శ్రీలంక అన్నాడు. ఒకమ్మాయి మలేషియా అంది. వెనక బెంచీ నుంచి "అమెరికా సార్" అని వినపడితే అందరూ నవ్వారు. నేను చెప్పాలనుకున్నది దక్షిణాఫ్రికా. వాళ్ల 1996 రాజ్యాంగం ఆరో సెక్షన్‌లో, అక్కడి జనం మాట్లాడే భాషలుగా ప్రోత్సహించి గౌరవించాల్సిన వాటిలో గుజరాతీ, హిందీ, తమిళం, ఉర్దూలతో పాటు తెలుగు పేరు కూడా రాశారు. అధికార భాష హోదా లేదు, పేరు మాత్రం ఉంది.

తెలుగు పిల్లలు కదా, ముఖాలు వెలిగాయి. అప్పుడు అవనిగడ్డ బస్సులో వచ్చే అమ్మాయి ఒకతె లేచి, "ఆ తెలుగువాళ్లలో మనవాళ్లున్నారా సార్?" అని అడిగింది. మనవాళ్లంటే ఎవరో క్లాసులో ఎవరికీ వివరించాల్సిన పని లేకపోయింది.

ఉన్నారమ్మా. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడలో 342 మంది దిగారు. 1911 దాకా అలా చెరకు తోటల కూలికి నాటాల్ వెళ్లినవాళ్లు లక్షా 52 వేలకు పైనే. వాళ్లలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్లు. ఓడ జాబితాలో పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, వాటితో పాటు కులానికి ఒక గడి. ఆ గడిలో అంటరాని కులాల పేర్లు కనిపిస్తాయి. సముద్రం దాటితే కులం పోతుందని భయపడేవాళ్లు భయపడ్డారు. పోతే పోనీ అనుకోగలిగిన వాళ్లకు ఆ భయమెందుకు?

ఈ భాగం వలస గురించి కాదు. సీటు గురించి. ఆ దేశం మనకు దీనిమీద చెప్పేది చాలా ఉంది. దాన్ని రెండు తలుపుల దగ్గర మొదలుపెట్టాలి.

డర్బన్ పోస్టాఫీసుకు ఒకప్పుడు రెండు తలుపులుండేవి. ఒకటి తెల్లవాళ్లకు, రెండోది నల్లవాళ్లకు, భారతీయులకు కలిపి. 1894లో గాంధీ పెట్టిన నాటాల్ ఇండియన్ కాంగ్రెస్ దీనిమీద ఫిర్యాదు చేసింది. తలుపులు వేరుగా ఉండటం మీద కాదు ఆ ఫిర్యాదు. నల్లవాళ్లతో పాటు మమ్మల్ని ఒకే తలుపులోంచి పంపుతున్నారేమిటని. మూడో తలుపు వచ్చింది. ఇది గిట్టనివాళ్లు వేసిన నింద అనుకోకండి. 1895లో ఆ సంస్థ తన సొంత నివేదికలో సాధించిన పనుల కింద రాసుకున్న సంగతి ఇది.

ఆ మూడో తలుపే దాదాపు తొంభై ఏళ్ల తర్వాత పార్లమెంటయింది. 1983లో తెల్ల ప్రభుత్వం కొత్త రాజ్యాంగం రాసింది. తెల్లవాళ్లకు 178 మంది సభ్యుల సభ. కలర్డ్ అని వాళ్లు పిలిచే మిశ్రమ జాతుల వాళ్లకు 85 మంది సభ. భారతీయులకు 45 మంది సభ. దేశంలో అత్యధిక సంఖ్యాకులైన నల్లవాళ్లకు సున్నా. ప్రెసిడెంటును ఎన్నుకునే బృందంలో మూడు సభల నుంచి 50, 25, 13 మంది. చిన్న పిల్లాడైనా కూడగలడు. మిగతా రెండు సభలూ ఒక్కటైనా 38కి మించవు. భారతీయుల సభకు సొంత వ్యవహారాలంటూ మీ బళ్లు, మీ ఇళ్లు మీరే చూసుకోండని అప్పగించారు. సైన్యం, పోలీసు, పన్నులు ఉమ్మడి వ్యవహారాలు. అంటే తెల్లవాళ్ల వ్యవహారాలు. మా చిలకలపూడిలో గిల్టు నగలు చేసేవాళ్లు ఇది గిల్టని చెప్పే అమ్ముతారు. ప్రెసిడెంటు బోథాకు ఆపాటి నిజాయితీ లేదు.

అక్కడి మన జనం ఏం చేశారన్నది అసలు కథ. అదే నాటాల్ ఇండియన్ కాంగ్రెస్, 1971లో మళ్లీ ప్రాణం పోసుకున్న సంస్థ, ఈసారి మాకీ గది వద్దంది. 1983 ఆగస్టులో పుట్టిన యునైటెడ్ డెమోక్రటిక్ ఫ్రంట్‌లో చేరి ఊరూరా తిరిగి ఎన్నికల బహిష్కరణకు పిలుపిచ్చింది. 1984 ఆగస్టు 28న భారతీయుల సభకు పోలింగ్ జరిగితే నమోదైన ఓటర్లలో ఓటేసినవాళ్లు ఐదోవంతు. మిగతావాళ్లు ఇంట్లో కూర్చున్నారు. తాతల కాలంలో మూడో తలుపు అడిగి తెచ్చుకున్న సమాజం, మనవల కాలంలో మూడో సభను కాదంది. నాకు గాంధీ మీద కంటే ఈ పేరులేని ఓటర్ల మీద గౌరవం ఎక్కువ.

ఇక్కడ మీలో చురుకైనవాళ్లు నన్ను ఆపాలి. క్లాసులోనూ ఆపారు. "సార్, వేరే సభ తప్పయితే మరి బాబాసాహెబ్ ప్రత్యేక నియోజకవర్గాలు ఎందుకడిగారు?"

ఇది దాటవేయాల్సిన ప్రశ్న కాదు. 1932 ఆగస్టులో కమ్యూనల్ అవార్డు మనకు ఇచ్చింది రెండు ఓట్లు. ఒకటి మన ప్రతినిధిని మనమే ఎన్నుకోవడానికి, రెండోది అందరితో కలిసి జనరల్ సీటులో వేయడానికి. గెలిచినవాడు కూర్చునేది అందరూ కూర్చునే సభలోనే. దానివల్ల ఏ కింది కులానికీ తలుపు మూసుకోలేదు. డర్బన్ పోస్టాఫీసు తలుపు కింద ఉన్నవాడికి దూరం జరగడానికి పెట్టించుకున్నది. బోథా సభ ఆ కింద ఉన్నవాణ్ణి బయటే ఉంచడానికి మనవాళ్లకు ఇవ్వజూపిన లంచం. వేరుగా అడిగారా లేదా అన్నది కొలత కాదు. ఎవరి వీపు మీద నిలబడి అడిగారు, గెలిచాక ఎవరికి జవాబు చెప్పాలి, ఈ రెండూ కొలతలు.

(ఇది చదివి ఎస్సీ వర్గీకరణను బోథా మూడు సభలతో పోల్చబోయే మిత్రులకు ముందే చెబుతున్నా. అన్నదమ్ములు వాటా పంచుకోవడం వేరు. నేను మాలపేటలో పుట్టే ఈ మాట అంటున్నాను.)

సెప్టెంబర్ 24న పూనాలో సంతకాలయ్యాయి. 71 సీట్లు 148 అయ్యాయి, రెండు ఓట్లు పోయాయి. లెక్కకు లాభం. ఆ లాభం ఎలా ఉంటుందో నేను పుస్తకంలో చదవకముందే మా మేనమామ దగ్గర చూశాను.

దివిసీమలో ఒక ఊరు. పంచాయతీ ఎస్సీలకు రిజర్వయింది. నామినేషన్ వెయ్యమని మామయ్యను అడిగింది పేటవాళ్లు కాదు, ఆయన పాలేరుగా చేసిన రైతు. ఊళ్లో పదిహేను వందల ఓట్లుంటే పేటవి మూడొందలు. గెలిచాడు. ఐదేళ్లూ చెక్కు పుస్తకం ఆ రైతు ఇంటి బీరువాలోనే ఉంది. సంతకానికి కబురొస్తే వెళ్లి అరుగు కింద నిలబడి పెట్టి వచ్చేవాడు. పేటకు సిమెంటు రోడ్డు అడిగితే "చూద్దాంలేరా సర్పంచా" అనేవాళ్లు. చిన్నప్పుడు నేను కోపంతో, ఎందుకు నిలబడతావు మామయ్యా, కూర్చోవచ్చుగా అని అడిగాను. "ఓట్లు వాళ్లవిరా" అన్నాడు. పూనా ఒడంబడిక మీద అంతకంటే చిన్న వ్యాఖ్యానం నేను ఎక్కడా చదవలేదు.

మా మచిలీపట్నం పార్లమెంటు పరిధిలో పామర్రు అసెంబ్లీ సీటు 2009 ఎన్నికల నుంచి రిజర్వుడు. అంతకుముందు నిడుమోలు ఉండేది. ఎవరు నిలబడ్డా దళితుడే, అది రాజ్యాంగం ఇచ్చిన హామీ. ఎవరి ఓట్లతో గెలుస్తాడన్నది వేరే లెక్క. బాబాసాహెబ్ అంతటివారు 1952లో ఉత్తర బొంబాయి రిజర్వుడు సీటులో, 1954లో భండారాలో ఓడిపోయారు. ఆయనను ఓడించి గెలిచినవాళ్లూ దళితులే.

దక్షిణాఫ్రికా 1994లో వేరే దారి పట్టింది. అక్కడి జాతీయ అసెంబ్లీలో ఏ జాతికీ రిజర్వుడు సీట్లు లేవు. 400 సీట్లను పార్టీలకు వచ్చిన ఓట్ల దామాషాలో పంచుతారు. పావు శాతం ఓట్లొస్తే ఒక సీటు. 2009లో అమిచంద్ రాజ్‌బన్సీ మైనారిటీ ఫ్రంట్ సరిగ్గా అలాగే ఒక సీటు తెచ్చుకుంది. ఒకప్పుడు బోథా భారతీయ సభకు పెద్దగా వ్యవహరించినాయనే ఈ రాజ్‌బన్సీ. అలాంటివాడి ఓటర్ల ఓటు కూడా కొత్త పద్ధతిలో వృథా కాలేదు. ఇటు చూడండి. 2014 లోక్‌సభ ఎన్నికల్లో బీఎస్పీకి సుమారు 2 కోట్ల 29 లక్షల ఓట్లు, దేశంలో మూడో స్థానం. సీట్లు సున్నా. దామాషా ఉంటే ఇరవై పైనే వచ్చేవి.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఇదంతా మామయ్యకు చెప్పాను. మంచం మీద కూర్చుని చివరిదాకా విని ఒకటే అడిగాడు. "మరి ఆ లిస్టు ఎవరు రాస్తార్రా?"

పార్టీ రాస్తుంది. అక్కడ ఓటు పడేది పార్టీకి, మనిషికి కాదు. నీ ఊరి ఎంపీ ఎవరంటే చెప్పడం కష్టం. ప్రెసిడెంటును జనం కాక జాతీయ అసెంబ్లీ ఎన్నుకుంటుంది, పార్టీ వద్దంటే దిగిపోవాలి. 2008లో ఎంబెకి, 2018లో జూమా అలాగే దిగారు. సభ్యుడు పార్టీ ఆఫీసు అరుగు కింద నిలబడే ప్రమాదం అక్కడా ఉంది. 2020లో రాజ్యాంగ కోర్టు స్వతంత్రులను కూడా పోటీకి రానివ్వాలని తీర్పిచ్చింది, 2024 ఎన్నికల్లో వాళ్లూ నిలబడ్డారు. ఆ ఎన్నికల్లోనే ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ 40 శాతానికి పడి, 159 సీట్లతో మొదటిసారి ఇతరుల మద్దతు వెతుక్కుంది.

అయినా నా ఓటు దామాషాకే. జాబితాలో పేర్ల వరస ఓటరు మార్చగలిగేలా ఉండాలన్న షరతుతో. రిజర్వుడు సీట్లు వదులుకుని కాదు, ఆ గడువు 2030తో ముగుస్తోంది, పొడిగించమని ఎలాగూ అడుగుతాం. ఆ అడిగేటప్పుడే ఎన్నుకునే పద్ధతి గురించి కూడా అడగాలంటాను. ఉన్నదే ఊడుతుందని మన నాయకులు కొందరు భయపడతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, మామయ్యది కూడా అదే భయం.

వచ్చే భాగం పూనా ఒడంబడికలోని ప్రైమరీ పద్ధతి మీద. ముందు మన ఓటర్లు మాత్రమే నలుగురిని ఎంపిక చేసి, ఆ నలుగురిలోంచి అందరూ ఒకరిని ఎన్నుకోవడం అన్నమాట. 1950 రాజ్యాంగంలోకి అది రాలేదు. ఒడంబడిక పాఠం ఒక పేజీనే. రెండో క్లాజు చదివి రండి, అక్కణ్ణుంచి మొదలుపెడదాం.