బుడ్ఢీ ఘోడీ, లాల్ లగామ్ అనే ముందు

మన ఖాందాన్లలో ఈ మధ్య ఒక కొత్త మాట తిరుగుతోంది: ఫిల్లర్. షాదీల సీజన్ దగ్గరపడితే చాలు, ఫోన్ తెరిస్తే క్లినిక్‌ల ఇష్తెహార్లే. గుండ్రటి చెహరాని కోలగా చేస్తామంటారు, గదువ దిద్దుతామంటారు, పెదవులు నింపుతామంటారు. దానికి దుల్హన్ ప్యాకేజీ అని ఒక పేరు. 21 ఏళ్ల బేటీ ఫొటో ముషాతా చేతికి ఇచ్చే ముందు ఒకసారి క్లినిక్‌కి తీసుకెళ్తే పోలా అని అమ్మీలు ఆలోచిస్తున్నారు. అదే ఇంట్లో 50 దాటిన ఖాలా, "నా బుగ్గలు దిగిపోయినయ్, ఏమన్నా ఇలాజ్ ఉందా?" అని అడిగితే మాత్రం నవ్వుతారు. బుడ్ఢీ ఘోడీ, లాల్ లగామ్ అని ఒక సామెత ఆమె ముఖాన కొడతారు.

ఈ లెక్క తలకిందులుగా ఉందని నా మాట. ఫిల్లర్ ఎలా పనిచేస్తుందో కొంచెం ఇల్మ్ ఉన్నా చాలు, ఆగమని చెప్పాల్సింది ఆ పిల్ల ఇంటివాళ్లకి, కూర్చోబెట్టి వినాల్సింది ఆ ఖాలా మాట అని అర్థమవుతుంది.

ముందు ఆ సూదిలో ఏముంటుందో చూద్దాం. చాలామంది బోటాక్స్, ఫిల్లర్ ఒకటే అనుకుంటారు. బోటాక్స్ కండరాన్ని కొన్ని నెలల పాటు సుస్తీ చేస్తుంది, అందుకే నుదుటి ముడతలు తగ్గుతాయి. ఫిల్లర్ పని వేరు, అది ఖాళీ అయిన జాగాని నింపుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడేది హయాలురోనిక్ యాసిడ్ జెల్. పేరులో యాసిడ్ ఉందని భయపడకండి, అది తేజాబ్ కాదు. మన చర్మంలో, కీళ్లలో, కళ్లలో సహజంగా ఉండే పదార్థమే. నీటిని పట్టి ఉంచడం దాని గుణం. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే ఇద్దరు సైంటిస్టులు న్యూయార్క్‌లో ఆవు కంటి నుంచి దాన్ని మొదటిసారి వేరు చేశారు. ముఖానికి వేసే ఫిల్లర్‌గా అమెరికా ఎఫ్‌డీఏ మంజూరీ దొరికింది మాత్రం 2003లో. అంతకు ముందు, 1981 నుంచి, పశువుల కొలాజెన్ వాడేవాళ్లు. అది పడుతుందో లేదో ముందే చర్మం మీద పరీక్ష చేసి చూడాల్సి వచ్చేది.

హయాలురోనిక్ జెల్‌కి ఒక ఖూబీ ఉంది. హయాలురోనిడేస్ అనే ఎంజైమ్ ఇంజెక్షన్ ఇస్తే అది కరిగిపోతుంది. పాలీ లాక్టిక్ యాసిడ్, కాల్షియం హైడ్రాక్సీ అపటైట్ లాంటి వేరే రకాలకి ఆ సౌలత్ లేదు. ఇక ద్రవ సిలికాన్‌ని ముడతలు నింపడానికి ఎఫ్‌డీఏ అసలు మంజూరే చేయలేదు. సస్తాగా వస్తుందంటే ఏం ఎక్కిస్తున్నారో అడగాల్సింది అందుకే.

ఇప్పుడు ఉమర్ సంగతి. చెహరా అంటే చర్మం ఒక్కటే కాదు. అడుగున ఎముక ఉంది, దాని మీద కొవ్వు ఉంది, పైన చర్మం ఉంది. ఆ కొవ్వు ఒకే ముద్దలా కాకుండా వేర్వేరు అరలుగా ఉంటుందని 2007లో రోరిచ్, పెస్సా అనే అమెరికా డాక్టర్లు చూపించారు. ఉమర్ పెరిగే కొద్దీ కొన్ని అరలు వట్టిపోతాయి, కొన్ని కిందికి జారినట్టు కనిపిస్తాయి. కంటి గుంట ఎముక వెడల్పవుతుంది, పై దవడ, కింది దవడ ఎముకలు అరుగుతాయి. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ల చర్మంలో కొలాజెన్ కూడా వేగంగా తగ్గుతుంది. గుడారం గుంజలు కురచైతే పైన బట్ట వదులైనట్టు, చర్మం వదులవుతుంది.

అందుకే ఒకే సిరంజీ మూడు ఉమర్లలో మూడు పనులు చేస్తుంది. 45, 55 ఏళ్ల మనిషికి అది పోయినదాన్ని కొంత వాపస్ ఇస్తుంది. చెంప ఎముక మీద, కణతల్లో, గదువ పక్కన కొద్దికొద్దిగా నింపితే మనిషి తనలాగే ఉంటుంది, అలసట మాత్రం తగ్గినట్టు కనిపిస్తుంది. 65, 70 దాటి చర్మం బాగా వేలాడుతుంటే ఫిల్లర్ ఒక్కటే సరిపోదు. నింపుతూ పోతే ముఖం ఉబ్బుతుంది తప్ప లేవదు. అప్పుడు ఆపరేషన్ గురించో, అలాగే వదిలేయడం గురించో నిజాయితీగా మాట్లాడే డాక్టరే మంచి డాక్టర్. ఇక 20, 22 ఏళ్ల పిల్లకి? ఆమె ముఖంలో పోయింది ఏమీ లేదు. అక్కడ ఫిల్లర్ నింపడం లేదు, సూరత్ మార్చడానికి వాడుతున్నారు. ఇది చిన్న ఫరక్ కాదు. ఎఫ్‌డీఏ ఈ ఫిల్లర్లని మంజూరు చేసిందే 22 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లకి. ఇంగ్లాండ్‌లో 2021 అక్టోబర్ 1 నుంచి 18 ఏళ్ల లోపు వాళ్లకి అందం కోసం ఫిల్లర్ వేయడం ఖానూన్ ప్రకారం నేరం. పిల్లల చెహరా ఇంకా కుదురుకుంటూ ఉంటుంది, అక్ల్ కూడా ఇంకా ఎవరి మాటకి తలూపాలో నేర్చుకుంటూనే ఉంటుంది.

చెహరా ఆకారం లెక్క ఇంకొంచెం చిక్కుది. గుండ్రటి ముఖానికి బుగ్గల్లో నింపితే ఇంకా వెడల్పవుతుంది, గదువ దగ్గర కొంచెం పొడవు ఇస్తేనే కోలగా కనిపిస్తుంది. పొడుగు ముఖానికి అదే గదువ ఫిల్లర్ వేస్తే ఇంకా పొడుగవుతుంది. చదరంగా ఉండే దవడ చాలాసార్లు నమిలే కండరం బలిసి వస్తుంది, అక్కడ ఫిల్లర్‌తో పనిలేదు. కింద సన్నగా దిగే ముఖానికి కణతలు, బుగ్గలు నింపితే కింది భాగం ఇంకా చిన్నదిగా కనిపిస్తుంది. అంటే ఒకరికి సరిపోయింది ఇంకొకరికి నుక్సాన్. అందరికీ ఒకే రేటు, ఒకే ప్యాకేజీ అన్నారంటే వాళ్లు మీ ముఖం చూడలేదు, మీ పర్సు చూశారు.

అసలు కోలముఖమే మంచిదని ఎవరు ఫైస్లా చేశారు? అమెరికాలో స్టీఫెన్ మార్క్వార్ట్ అనే ఆయన గోల్డెన్ రేషియో పేరుతో ఒక ముఖం ముసుగు గీశాడు. ఆ గీతల్లో ఇమిడితే అందమన్నాడు. ఆ గీతల్లో కనిపించేది ఎక్కువగా తెల్లజాతి ఆడవాళ్ల ముఖమేనని తరవాత డాక్టర్లే విమర్శ రాశారు. మరి మన దక్కన్ చెహరాలు ఎక్కడ ఇముడుతాయి? హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌లో నిజాం ఫౌజ్‌కి వచ్చిన హబ్షీల వారసులు ఉన్నారు. బార్కస్‌లో హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఉన్నారు. ఊళ్లలో దూదేకుల వాళ్లు, నేత పనివాళ్లు, ఈ మట్టిలోనే పుట్టి కలిమా చదివినవాళ్లు ఉన్నారు. వెడల్పు ముక్కు, బలమైన దవడ, నిండు పెదవి, ఎత్తు చెంప ఎముక, ఇవన్నీ మన తారీఖ్. దాదీ ముక్కుని మనవరాలి ముఖంలో చూసి మురిసిపోయిన ఇళ్లలో ఇప్పుడు ఆ ముక్కునే ఐబ్ అంటున్నారు.

మన రంగు సంగతి కూడా ఇష్తెహార్లలో ఉండదు. మన వైపు చాలామందికి కళ్ల కింద నలుపు ఉంటుంది. కొందరికి అది గుంట పడ్డం వల్ల పడే నీడ, కొందరికి చర్మంలోనే ఉన్న రంగు. ఫిల్లర్ గుంటని నింపగలదు, రంగుని తీసేయలేదు. కంటి కింద పల్చటి చర్మంలో జెల్ మరీ పైపైన పడితే నీలి ఛాయ కూడా కనిపిస్తుంది. సావ్లీ చర్మం మీద సూది గుచ్చిన చోట, వాచిన చోట మచ్చలు మిగిలే అవకాశమూ ఎక్కువే.

ఇక అసలు ఖతరా. ముఖం నిండా సన్నటి రక్తనాళాలు, వాటిలో కొన్ని కంటికి వెళ్లే నాళాలతో కలిసి ఉంటాయి. జెల్ పొరపాటున నాళంలోకి వెళ్తే ఆ చోట చర్మం చచ్చిపోవచ్చు, చూపు పోవచ్చు. అరుదే, కానీ పోయిన చూపు తిరిగి రావడం ఇంకా అరుదు. కనుబొమల మధ్య, ముక్కు, నుదురు మరీ నాజూకు జాగాలు. ఇంజెక్షన్ వేసిన వెంటనే గానీ కొన్ని గంటల్లో గానీ భరించలేని నొప్పి, చర్మం పాలిపోవడం, వల వేసినట్టు నీలి మచ్చలు, చూపు మసకబారడం కనిపిస్తే రేపు చూద్దాం అనకూడదు. ఆ క్షణమే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. అందుకే ఈ పని బ్యూటీ పార్లర్‌ది కానే కాదు. సూది లేకుండా ఒత్తిడితో జెల్ ఎక్కించే పెన్నులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, వాటిని వాడొద్దని 2021లోనే ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

వేయించుకోవాలని నిజంగా మర్జీ ఉన్నవాళ్లు నాలుగు సవాళ్లు అడగండి. వేసేది చర్మవ్యాధుల స్పెషలిస్టా, ప్లాస్టిక్ సర్జనా? ఫిల్లర్ పేరేంటి, సీల్ ఉన్న డబ్బా నా ముందే తెరుస్తారా, దాని బ్యాచ్ నంబర్ నాకు రాసిస్తారా? కరిగించే ఎంజైమ్ ఇప్పుడు ఇక్కడ ఉందా? రాత్రి 11 గంటలకి ఏమన్నా అయితే ఫోన్ ఎవరు ఎత్తుతారు? వీటికి విసుక్కునే చోట కుర్చీలో కూర్చోకండి. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చేవాళ్లు ఆగాలి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, ముఖం మీద ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

అల్లా ఇచ్చిన సూరత్ మార్చడం జాయెజేనా అని అడిగేవాళ్లు ఉంటారు. ఫత్వా ఇవ్వడం నా పని కాదు. ఒక్క సంగతి గుర్తు చేస్తాను. జంగ్‌లో ముక్కు పోగొట్టుకున్న అర్ఫజా అనే సహాబీ వెండి ముక్కు పెట్టించుకుంటే అది వాసన పట్టింది. బంగారు ముక్కు పెట్టించుకోమని ప్రవక్త (స) చెప్పారని అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాల్లో ఉంది. మగవాళ్లకి బంగారం మనా అయిన దీన్‌లో ఆ ఇజాజత్ దొరికింది. పోయినదాన్ని తిరిగి ఇవ్వడం వేరు, ఉన్నదాన్ని బాజారు కోసం చెక్కడం వేరు అని నాకు అందులో వినిపిస్తుంది.

ఫిల్లర్‌కి ఆ మంచి ముఖమూ ఉంది. మన దేశంలో 2004లో హెచ్‌ఐవీకి సర్కారు ఉచిత మందులు మొదలైనప్పుడు ఇచ్చిన వాటిలో స్టావుడిన్ ఒకటి. అది ప్రాణం నిలబెట్టింది, కానీ చాలామంది బుగ్గల్లో కొవ్వు కరిగించేసింది. ఆ గుంటలు చూసి మోహల్లా మోహల్లా జబ్బుని పసిగట్టేది. ఆ బుగ్గలు నింపడానికే 2004లో ఎఫ్‌డీఏ పాలీ లాక్టిక్ ఫిల్లర్‌ని మంజూరు చేసింది. అలాంటి మరీజ్‌కి, యాక్సిడెంట్‌లో ముఖం గుంటపడిన మనిషికి, మొటిమల గుంటలతో తలదించుకుని నడిచే పిల్లకి ఫిల్లర్ ఇలాజే. దాన్ని షౌక్ అని వెక్కిరించడం బేరహమీ.

మళ్లీ రిష్తాల దగ్గరికి వద్దాం. జోడే కి రఖమ్ అడిగారు, ఇచ్చాం. జహేజ్ అడిగారు, అప్పు చేసి లారీకెత్తాం. రంగు అడిగారు, పిల్లల ముఖాలకి క్రీములు పులిమి చర్మం పాడు చేశాం. ఇప్పుడు ముఖం గీతలు అడుగుతున్నారు. ఆ ఖర్చూ లడ్కీ వాళ్లదే, ఆ నొప్పీ లడ్కీదే, ఖతరా కూడా లడ్కీదే. పైగా జెల్ శాశ్వతం కాదు. ఎక్కడ వేశారు, ఏ రకం వేశారు అనేదాన్ని బట్టి కొన్ని నెలల నుంచి ఏడాదిన్నర దాకా నిలుస్తుంది. ఫొటో చూసి కుదిరిన రిష్తా జెల్ తగ్గాక ఏమవుతుంది? అప్పటికి కడుపుతో ఉంటే మళ్లీ వేయించుకోవడానికీ ఉండదు. ఏడాదికోసారి ఆ ఖర్చు పెట్టేది ససురాలా, మైకానా? నికానామాలో మెహర్ రాస్తారు గానీ ఇది ఎవరూ రాయరు.

50 దాటిన ఆడమనిషి వేరు. ఆమెకి షాదీ బాజారు లేదు, ముషాతా లేదు. పిల్లల్ని పెంచింది, ముసలి అత్తకి సేవ చేసింది, మిషన్ కుట్టో, టీచర్ నౌకరీ చేసో నాలుగు పైసలు వెనకేసింది. ఆయినాలో తన చెహరా తనకి అలసిపోయినట్టు కనిపిస్తే దాన్ని కొంచెం తేరుకునేలా చేసుకోవాలనుకుంది. అవసరమా కాదా అని ఆమె ఆలోచించుకుంటుంది. వద్దనుకుంటే ఆ ముడతలూ ఆమె కమాయీనే. కానీ అడగడానికి కూడా షరమ్ పడేలా చేస్తే ఆమె అడగడం మానదు, చాటుగా వెళ్తుంది. చాటుగా వెళ్లేవాళ్లే సస్తా పార్లర్ల చేతికి చిక్కుతారు. మన హేళన ఆమెని ఖతరా వైపే తోస్తుంది.

కాబట్టి అమ్మీలకి నా అర్జీ ఇది. పిల్ల రిష్తా కోసం క్లినిక్ అడ్రస్ వెతక్కండి. గదువ చిన్నదని వద్దన్న ఇంటికి మీరే ముందు వద్దని చెప్పండి, ఆ మాట చెప్పింది మీరేనని పిల్లకి తెలియనివ్వండి. 30 దాటాక, తన కమాయీతో, తన ఇరాదాతో ఆ పిల్లే అడిగితే అప్పుడు మంచి డాక్టర్‌ని వెతికిపెట్టండి. లడ్కే వాళ్లకి ఒక్క మాట: లడ్కీ ఇంటికి వెళ్లేటప్పుడు స్కేలు ఇంట్లో పెట్టి వెళ్లండి.