డిగ్రీలు కంప్యూటర్ కొలుస్తుంది.. వీపు మనమే చూడాలి

పన్నెండేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని పుంగనూరు దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి మా ఓపీకి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో మూడు ఎక్స్-రేలు. "పాప వెన్ను వంకర పోతా ఉండాది సార్. ఎనిమిది నెలల్లోనే పది డిగ్రీలు పెరిగిందంట. ఇంక ఆపరేషనే అన్నారు. పాడి ఆవులు రెండూ అమ్మేద్దామని మా ఇంటాయన అంటా ఉండాడు" అని కళ్లు తుడుచుకుంది.

రిపోర్టుల్లో ఉన్న అంకెలు 21, 26, 31. వరసగా చదివితే ఎవరికైనా భయం వేస్తుంది. నేను జనరల్ మెడిసిన్ వైద్యుణ్ని, ఎముకల డాక్టర్ని కాను. అయినా ఫిల్ములు పక్కపక్కన పెట్టి చూసి, పాపను రెండు ప్రశ్నలు అడిగితే చాలావరకు తెలిసిపోయింది. మొదటి ఎక్స్-రే బల్ల మీద పడుకోబెట్టి తీశారు. తర్వాతి రెండూ నిలబెట్టి తీశారు. మూడో ఫిల్ము మీద గీతలు వేరే వెన్నుపూసల దగ్గర గీశారు. నిలబెట్టి తీసిన రెండింటినీ మా ఎముకల డాక్టర్ ఒకే పూసల దగ్గర కొలిస్తే ఒకటి 26 డిగ్రీలు, ఇంకొకటి 28 వచ్చాయి. ఆ పది డిగ్రీల్లో ఎక్కువ భాగం పాప వెన్నులో పెరిగింది కాదు. తీసిన తీరులో, కొలిచిన తీరులో వచ్చిన తేడా.

అలాగని ఆ పాపకు ఏమీ లేదని కాదు. ఎదిగే వయసులో 26, 28 అంటే వదిలేసే వంపు కాదు. కానీ ఆమెకు అప్పుడు కావాల్సింది ఆపరేషన్ కాదు, బ్రేస్. ఆ రెండింటికీ మధ్య ఒక కుటుంబం జీవనాధారం ఉంది. అందుకే ఈ వారం ఈ కొలత గురించి మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

ఆ అంకె ఎలా వస్తుంది?

వెన్నెముక పక్కకు వంగి, వంగినచోట పూసలు కాస్త మెలి కూడా తిరిగితే దాన్ని స్కోలియోసిస్ అంటాం. వీపు ముందుకు వంగే గూని వేరు, ఇది వేరు. ఎక్కువ మంది పిల్లల్లో దీనికి ఫలానా కారణం అని చెప్పలేం. బరువైన స్కూలు బ్యాగు వల్ల ఇది రాదు. పక్కకు ఒరిగి కూర్చోవడం వల్లా రాదు. తల్లి చేసిన పొరపాటు ఏదీ ఇందులో లేదు. పదేళ్ల నుంచి పదహారేళ్ల మధ్య, పిల్లలు ఒక్కసారిగా పొడవయ్యే రోజుల్లో ఇది బయటపడుతుంది. చిన్న వంపులు ఆడపిల్లల్లోనూ మగపిల్లల్లోనూ ఉంటాయి. పెరిగి పెద్దవయ్యేవి మాత్రం ఆడపిల్లల్లోనే చాలా ఎక్కువ.

వంపును కొలిచే పద్ధతిని న్యూయార్క్‌కు చెందిన ఎముకల వైద్యుడు జాన్ కాబ్ 1948లో వివరించారు. నేటికీ ప్రపంచమంతా దాన్నే వాడుతోంది. వంపులో పైభాగాన అన్నిటికంటే ఎక్కువ వాలిన పూసను, కిందిభాగాన అన్నిటికంటే ఎక్కువ వాలిన పూసను ఎంచుకుంటారు. పై పూస పై అంచు వెంట ఒక గీత, కింది పూస కింది అంచు వెంట ఒక గీత గీస్తారు. ఆ రెండు గీతల మధ్య కోణమే కాబ్ కోణం. అది 10 డిగ్రీలు, ఆపైన ఉంటేనే స్కోలియోసిస్ అంటాం.

పిల్లలు ఇంకా ఎదుగుతుంటే, 25 డిగ్రీల లోపు వంపును కొన్ని నెలలకోసారి చూస్తూ ఉంటాం. 25 నుంచి 40, 45 మధ్య బ్రేస్ వేస్తారు. 45, 50 దాటితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. చికిత్స మెట్లన్నీ ఈ అంకె మీదే కట్టి ఉన్నాయి. చిక్కేమిటంటే, ఒకే ఫిల్మును ఇద్దరు అనుభవజ్ఞులు కొలిచినా 5 డిగ్రీల దాకా తేడా రావడం మామూలే. ఏ పూసను ఎంచుకున్నారు, మసకగా ఉన్న అంచును ఎక్కడ అనుకున్నారు అన్నదాన్ని బట్టి కోణం మారుతుంది. అందుకే 5 డిగ్రీలకు మించి తేడా వస్తేనే వంపు పెరిగిందని భావిస్తాం. పడుకోబెట్టి తీస్తే శరీర బరువు వెన్ను మీద పడదు కాబట్టి కోణం తక్కువగా కనిపిస్తుంది. పొద్దున తీసిన దానికీ సాయంత్రం తీసిన దానికీ కూడా కొంత తేడా ఉంటుంది.

కంప్యూటర్ ఏం చేస్తుంది?

ఇప్పుడు ఈ పని కంప్యూటర్ ప్రోగ్రాములు చేస్తున్నాయి. ఛాతీ భాగంలో 12, నడుము భాగంలో 5, మొత్తం 17 వెన్నుపూసలను ఎక్స్-రేలో గుర్తిస్తాయి. చాలా ప్రోగ్రాములు ఒక్కో పూసకు నాలుగు మూలల చొప్పున 68 చుక్కలు పెట్టి, వాటి నుంచి కోణం లెక్కిస్తాయి. వేలకొద్దీ ఎక్స్-రేల మీద నిపుణులు పెట్టిన చుక్కలను చూసి అవి ఈ విద్య నేర్చుకుంటాయి. 2019లో వైద్య చిత్రాల విశ్లేషణ మీద జరిగిన అంతర్జాతీయ సదస్సులో, ఈ కోణాన్ని ఎవరి ప్రోగ్రాము బాగా కొలుస్తుందో చూసేందుకు పోటీయే పెట్టారు. మంచి ఫిల్ము ఇస్తే మంచి ప్రోగ్రాము నిపుణుడి కొలతకు కొద్ది డిగ్రీల తేడాలో చెబుతుంది. అదీ కొన్ని సెకన్లలో.

నాకు ఇందులో నచ్చింది వేగం ఒక్కటే కాదు. రెండు వందల మంది రోగులను చూసిన తర్వాత నా కన్ను అలసిపోతుంది, ప్రోగ్రాము అలసిపోదు. ఒకే ఫిల్మును పదిసార్లు ఇస్తే అది పదిసార్లూ ఒకే అంకె చెబుతుంది. మదనపల్లెలో తీసినా, కుప్పంలో తీసినా ఒకే నియమంతో కొలుస్తుంది. పుంగనూరు పాపకు మొదటి రోజు నుంచీ లేనిది ఆ ఒకే నియమమే.

ఎక్స్-రే చదవడంలో మనుషులు తడబడతారన్నది కొత్త సంగతి కాదు. 1940ల్లో అమెరికాలో క్షయ ఎక్స్-రేలు చదివే నిపుణులను పరిశీలిస్తే, ఒకరితో ఒకరు విభేదించడమే కాదు, అదే ఫిల్మును మళ్లీ చూపిస్తే తమతో తామే విభేదించారు. క్షయ ఎక్స్-రేలతో మన ప్రాంతానికీ పాత అనుబంధం ఉంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం వైద్యులు 1950ల్లోనే చుట్టుపక్కల పల్లెల్లో జనానికి ఎక్స్-రేలు తీసి క్షయ సర్వే చేశారు. ఇప్పుడు 15 ఏళ్లు దాటినవారిలో క్షయను వెతకడానికి ఛాతీ ఎక్స్-రేను కంప్యూటర్‌తో చదివించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫార్సు చేసింది. ఊపిరితిత్తులకు పనికొచ్చిన పద్ధతిని వెన్నుకు వాడటంలో వింతేమీ లేదు.

ఎక్కడ తప్పుతుంది?

అయితే ఫిల్ము బాగాలేకపోతే కంప్యూటర్ కూడా తప్పే చెబుతుంది. కంగారు పడకుండా, అనుమానం లేకుండా చెబుతుంది కాబట్టి ఆ తప్పు మరీ ప్రమాదకరం. పడుకోబెట్టి తీశారో, నిలబెట్టి తీశారో దానికి మీరు చెప్పకపోతే తెలియకపోవచ్చు. పై పూసలు గుండె, పక్కటెముకల నీడలో మసకబారితే చుక్క పక్కకు జరుగుతుంది. పుట్టుకతోనే సగం ఏర్పడిన పూసలున్న పిల్లల్లో, ఆపరేషన్‌లో స్క్రూలు వేసినవారిలో పొరబడవచ్చు. మనం చాలా సులువుగా చేసే పని ఇంకొకటి ఉంది. ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టుకుని ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపడం. ఫోన్ ఓరగా ఉంటే బొమ్మ సాగిపోతుంది, కోణం మారిపోతుంది. కొలత కోసమైతే ఫొటో పంపకండి, సెంటర్‌లో డిజిటల్ ఫైలు ఉన్న సీడీ అడిగి తీసుకోండి.

ఇంకో సంగతి. కోణం ఒక్కటే వైద్యం కాదు. 28 డిగ్రీలున్న పదకొండేళ్ల పాపకూ, అదే 28 ఉన్న పద్దెనిమిదేళ్ల యువతికీ చేయాల్సింది ఒకటి కాదు. ఎదుగుదల ఎంత మిగిలి ఉంది, రజస్వల అయి ఎంతకాలమైంది, తుంటి ఎముక అంచు ఎంత గట్టిపడింది అన్నవి వైద్యులు చూడాలి. రాత్రిపూట నిద్రలేపే నొప్పి, కాళ్లలో బలహీనత, జ్వరం, బరువు తగ్గడం ఉంటే అది మామూలు స్కోలియోసిస్ కాకపోవచ్చు. వెన్ను క్షయ కావచ్చు, మరేదైనా కావచ్చు. కోణం కొలిచే ప్రోగ్రాము ఈ ప్రశ్నలు అడగదు.

కుప్పం అమ్మాయి సంగతి

ఇంతకంటే పెద్ద లోటు ఇంకొకటి ఉంది. కుప్పం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయికి పదహారేళ్లు. మెట్లెక్కితే ఆయాసం అని తీసుకొచ్చారు. ఆయాసానికి కారణం రక్తహీనత. కానీ ఊపిరి శబ్దాలు వినడానికి వీపు వైపు తిరగమంటే వంపు కంటికే కనిపించింది. ఎక్స్-రేలో 58 డిగ్రీలు. "రెండేండ్ల కిందట్నే టైలరమ్మ చెప్పింది సార్, జాకెట్టు ఒకపక్క ఎత్తుకుంటాందని. మేము కొలత తప్పనుకున్న్యాం" అంది వాళ్లమ్మ. ఎదుగుదల దాదాపు ఆగిపోయింది కాబట్టి బ్రేస్ వేసే వయసు దాటిపోయింది. ఆ రెండేళ్లలో ఆమె వీపును టైలరమ్మ తప్ప ఎవరూ పట్టించుకోలేదు. ప్రపంచంలోని గొప్ప ప్రోగ్రాము కూడా తీయని ఎక్స్-రేను కొలవలేదు.

వేళకు చూస్తే ఏం దక్కుతుందో చెబుతాను. అమెరికా, కెనడాల్లో జరిగి 2013లో వెలువడిన పరిశోధనలో, బ్రేస్ వేసుకున్న పిల్లల్లో 72 శాతం మంది 50 డిగ్రీలకు చేరకుండానే ఎదుగుదల ముగించారు. వేసుకోకుండా కేవలం గమనించినవారిలో అది 48 శాతమే. రోజుకు సుమారు 13 గంటలకు మించి వేసుకున్నవారిలో ఫలితం 90 శాతం దాటింది. మన ఎండల్లో, స్కూలు యూనిఫాం కింద గట్టి ప్లాస్టిక్ కవచం వేసుకోవడం ఆ వయసు పిల్లలకు తేలిక కాదు. అందుకే వాళ్లకిచ్చే అంకె నమ్మదగినదై ఉండాలి.

నేను కోరేది ఇదీ

ఒకటి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రభుత్వ ఆసుపత్రుల్లో వెన్ను ఎక్స్-రే ఒకే పద్ధతిలో తీయాలి. నిలబెట్టి, వెన్నంతా ఒకే బొమ్మలో వచ్చేలా, కిరణాలు వీపు వైపు నుంచి ప్రవేశించేలా తీయాలి. అలా తీస్తే ఎదిగే ఆడపిల్లల రొమ్ములకు రేడియేషన్ తగ్గుతుంది. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఒక నియమం చాలు.

రెండు. ఆ తర్వాత కొలిచే ప్రోగ్రాము తేవాలి. కొనేముందు మన పిల్లల ఎక్స్-రేల మీద పరీక్షించి, ఎన్ని డిగ్రీలు తప్పుతోందో రాతపూర్వకంగా అడగాలి. అది గీసిన గీతలు రిపోర్టు మీద కనిపించాలి. ఏ పూస నుంచి ఏ పూస దాకా కొలిచిందో, కిందటిసారి అంకె ఎంతో పక్కనే ఉండాలి. వైద్యుడు చూసి సంతకం పెట్టనిదే ఆ కాగితం తల్లిదండ్రుల చేతికి వెళ్లకూడదు.

మూడు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడులకు వెళ్లి పిల్లలను పరీక్షిస్తున్నాయి. మొదట్లో వాళ్లు చూడాల్సిన ముప్పై సమస్యలంటూ పెట్టిన జాబితాలో ఈ వంపు పేరు లేదు. పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ముందుకు వంచి చూసే పరీక్ష కలపాలి. పట్టేది ఒక్క నిమిషం. ఆడపిల్లలను మహిళా సిబ్బందే, తెర చాటున చూడాలి.

బడుల్లో అందరినీ పరీక్షించడం మీద భిన్నాభిప్రాయం ఉందని నాకు తెలుసు. మేలు ఎక్కువా, అనవసర భయం ఎక్కువా అన్నది తేల్చడానికి ఆధారాలు చాలవని అమెరికా నిపుణుల బృందం 2018లో చెప్పింది. ఆ జాగ్రత్త సబబే. అందుకే అందరికీ ఎక్స్-రే వద్దు, వంచి చూసినప్పుడు తేడా స్పష్టంగా ఉన్నవారికే తీయాలంటున్నాను. అక్కడ ఏటా డాక్టరు దగ్గర ఒళ్లు చూపించుకునే పిల్లలు ఎక్కువ. మన పల్లెల్లో జ్వరమొస్తే తప్ప డాక్టరు దగ్గరికి రారు.

ఇంట్లో మీరు చేయగలిగింది

పదేళ్లు దాటాక పిల్లలు తలంటు వాళ్లే పోసుకుంటారు. అప్పటినుంచి వాళ్ల వీపు తల్లికి కూడా కనిపించదు. అందుకే మూడు, నాలుగు నెలలకోసారి అడిగి చూడండి. నిటారుగా నిలబడినప్పుడు ఒక భుజం ఎత్తుగా ఉందా? వీపు మీది రెక్క ఎముక ఒకటి పొడుచుకొచ్చిందా? నడుము మడత ఒకవైపే లోతుగా ఉందా? తర్వాత పాదాలు దగ్గరపెట్టి, మోకాళ్లు వంచకుండా, రెండు అరచేతులూ జోడించి ముందుకు వంగమనండి. వెనకనుంచి చూడండి. వీపు ఒకవైపు గుట్టలా లేస్తే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకురండి. ఫోన్‌లో వాలు చూపించే యాప్‌తో వీపు కొలిచేవారు ఆ అంకెను కాబ్ కోణం అనుకోకండి. అది చర్మం పైనున్న వాలు మాత్రమే. అది 7 డిగ్రీలు దాటితే డాక్టరుకు చూపించాలి, అంతే. మాలిష్‌తో, కడ్డీకి వేలాడటంతో వంపు సరిచేస్తామనేవారి మాట నమ్మి కాలం పోగొట్టుకోకండి. పాత ఎక్స్-రేలు పారేయకండి, మడవకండి. ప్రతిసారీ అన్నీ వెంట తీసుకెళ్లండి. వీలైతే ఒకేచోట తీయించండి.

పుంగనూరు పాపను బ్రేస్ కోసం తిరుపతి పంపించాం. ఆరు నెలల తర్వాత నిలబెట్టి, అదే పద్ధతిలో తీసిన ఎక్స్-రేలో 27 డిగ్రీలు ఉంది. వంపు పెరగలేదు. ఆవులను అమ్మలేదని తల్లి చెప్పింది. మీ ఇంట్లో పదేళ్లు దాటిన పిల్లలుంటే ఈ ఆదివారం ఒక్క నిమిషం వాళ్ల వీపు చూడండి.

(వ్యాసకర్త ఎంబీబీఎస్, ఎండీ, ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు)