కరెంటు పోయినా నడిచే ఇల్లు కావాలి

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు, తోటల్లో కాపురముంటున్నవాళ్లకు, పంచాయతీ పెద్దలకు విన్నపం.

మిద్దె మీద సోలార్ పలకలు ఉన్నాయి, నడినెత్తిన ఎండ ఉంది. వీధిలో కరెంటు పోతే మాత్రం ఆ ఇంట్లో ఫ్యాను కూడా ఆగిపోతుంది. చెడిపోయి కాదు. తీగల మీద పనిచేసే లైన్‌మన్‌కు మన పలకల కరెంటు తగలకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగుతుంది. అది ఉండాల్సిన కట్టుబాటే. అయితే పలకలు అమ్మేవాళ్లలో ఈ సంగతి ముందే చెప్పేవాళ్లు తక్కువ. ‘బిల్లు సున్నా’ అన్నది మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటుంది!

2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ మంచి పథకం. 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లకు, ఆపైన వాటికి 78 వేల రూపాయల రాయితీ ఇస్తున్నారు. 2025 జనవరిలో కుప్పం నియోజకవర్గం నడిమూరులో ఇంటింటికీ పలకలు పెట్టే కార్యక్రమం ముఖ్యమంత్రి చేతుల మీదుగా మొదలైంది. కానీ ఆ రాయితీ గ్రిడ్‌కు కలిపిన పలకలకే. లెక్కగట్టేది పలకల కిలోవాట్లను బట్టి, బ్యాటరీని బట్టి కాదు. స్తంభాలకు దూరంగా ఉన్న మామిడి తోట ఇల్లు ఆ లెక్కలోకి రాదు. 2021 నవంబరు వానల్లాంటివి మళ్లీ వచ్చి స్తంభాలు కూలితే, లెక్కలోకి వచ్చిన ఇల్లు కూడా చీకట్లోనే ఉంటుంది.

గ్రిడ్ వదిలేయమని మేము చెప్పడం లేదు. తిరుమలలో 2002లోనే రోజుకు 15 వేల మందికి వంట చేసేలా అద్దాల డిష్‌లతో సూర్యుడి వేడిని పట్టి ఆవిరి పుట్టించే ఏర్పాటు చేశారు. దాన్ని అప్పటికే ఉన్న డీజిల్ బాయిలర్లకు కలిపి పెట్టారు, మబ్బు పట్టినా అన్నం ఆగకూడదని. మన ఇళ్లకు కావాల్సింది ఆ ముందుచూపే.

ముందు ఫ్యాన్లు మార్చండి, పలకల మాట తర్వాత. పాత ఫ్యాను 75 వాట్లు తాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు. 12 వోల్టుల 150 ఏహెచ్ లెడ్ బ్యాటరీలో ఉండేది 1,800 వాట్-అవర్లు. సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి చేతికొచ్చేది 900. రెండు పాత ఫ్యాన్లు 8 గంటలు తిరిగితే 1,200 కావాలి, తెల్లవారకముందే ఆగిపోతాయి. అవే కొత్తవైతే 480. నాలుగు ఎల్‌ఈడీ దీపాలు నాలుగేసి గంటలు వెలిగినా, ఫోన్లు చార్జింగ్ పెట్టినా 700 దాటదు. ఒక్క బ్యాటరీతో రాత్రి గడుస్తుంది. ఒక కిలోవాటు పలకలు మంచి ఎండలో రోజుకు 4 యూనిట్ల దాకా ఇస్తాయి. పగటి ఫ్రిజ్జుకూ, సంపులోంచి ట్యాంకుకు నీళ్లెక్కించే అర హెచ్‌పీ మోటరుకూ అవి సరిపోతాయి. 5 హెచ్‌పీ బోరు మోటరును మాత్రం ఈ బ్యాటరీ జోలికి తేవద్దు.

కరెంటు కన్నా ముందు చూసుకోవాల్సింది నీళ్లు. వెయ్యి అడుగులు దిగినా బోరులో చుక్క పడని ఊళ్లు మనకు కొత్తకాదు. అలాగని వాన లేని సీమా కాదు మనది. ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్లు పడుతుంది, అందులో మంచి భాగం ఈశాన్య రుతుపవనాలదే. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద పడేది 80 వేల లీటర్ల పైమాట. ఐదోవంతు పోయినా 65 వేలు మిగులుతాయి. ఐదుగురున్న ఇంట్లో తాగడానికి, వండడానికి రోజుకు 50 లీటర్లు అనుకుందాం. 10 వేల లీటర్ల సంపు డిసెంబరు మధ్యకు నిండితే 200 రోజులు, అంటే జులై మొదలు దాకా వస్తుంది. తొలివాన నీళ్లు బయటికి వదిలేయాలి, సంపుకు మూత ఉండాలి, తాగే నీళ్లు కాచుకోవాలి. ఇంతకన్నా మంత్రమేమీ లేదు. 2002 నాటి వాల్టా చట్టం వాననీటి సంరక్షణ గురించి చెప్పనే చెప్పింది. ప్లాన్ మంజూరు చేసేటప్పుడు అడిగే నాథుడే కనబడడు.

పాడి ఉన్న ఇంటికి గ్యాసు పెరట్లోనే ఉంది. రోజుకు 50 కిలోల పేడ పడితే రెండు ఘనమీటర్ల దీనబంధు గోబర్ గ్యాస్ ప్లాంటు ఐదారుగురి వంటకు చాలుతుంది. మనూళ్లలో మూలపడ్డ గోబర్ గ్యాస్ గుంతలు ఉన్నమాట నిజమే. ఆవుల్ని అమ్మేసినా, పేడకు సమంగా నీళ్లు కలపకపోయినా ప్లాంటు పడకేస్తుంది. అందుకే పాడి నిలకడగా ఉన్నవాళ్లకే ఇది చెబుతున్నాం.

ప్రభుత్వాన్ని అడిగేవి రెండు. గ్రిడ్ అందని తోట ఇళ్లకు, కొండపక్క కాలనీలకు బ్యాటరీతో కూడిన విడి సోలార్‌కూ అదే రాయితీ ఇవ్వాలి. ప్రతి పంచాయతీలో అంగన్‌వాడీకి, తాగునీటి మోటరుకు కరెంటు పోయినా నడిచే హైబ్రిడ్ ఏర్పాటు ముందుగా చేయాలి. వచ్చే గ్రామసభలో ఈ రెండింటినీ తీర్మానంగా రాయించండి. ఈలోగా పలకలు పెట్టించుకునేవాళ్లు సంతకం పెట్టేముందు అమ్మకందారుతో కాగితం మీద రాయించుకోవాల్సినవి ఇవి: ఇన్వర్టర్ హైబ్రిడ్ రకమేనా, బ్యాటరీ తర్వాత తగిలించే వీలుందా, లైను పోయినప్పుడు ఇంట్లో ఏయే స్విచ్చులు పనిచేస్తాయి.