నాయకత్వాన్ని తూచే త్రాసేదీ?
గంభీరావుపేట: అంగన్‌వాడీ నుంచి డిగ్రీ కళాశాల వరకు ఒకేచోట ఉన్న కేజీ టు పీజీ ప్రాంగణం 2023 ఫిబ్రవరి 1న ఇక్కడ ప్రారంభమైంది. చిన్న తరగతుల వారిని వెంట నడిపించే అవకాశం పెద్ద విద్యార్థులకు ఇంతకంటే ఎక్కడ దొరుకుతుంది? అయితే ప్రవేశాల్లో ఆ అనుభవానికి విలువ లేదు. ఎప్‌సెట్‌లో ర్యాంకే ప్రమాణం. బాసర ట్రిపుల్ ఐటీకి పదో తరగతి ఫలితమే ఆధారం. 2024-25లో మద్రాసు ఐఐటీ క్రీడాకారులకు కోర్సుకు రెండేసి సీట్లు కేటాయించినా జేఈఈ అడ్వాన్స్‌డ్ అర్హతను వదల్లేదు.

అమెరికా విశ్వవిద్యాలయాల మాదిరిగా నాయకత్వాన్నీ లెక్కిస్తే పల్లెలకు మేలనుకోవడం తొందరపాటే. బీడీలు చుట్టే తల్లికి సాయపడుతూ తమ్ముళ్లను చదివించే బాలికకు ధ్రువపత్రం ఎవరిస్తారు? క్లబ్బులు, పోటీలు ఉండేది పట్టణ పాఠశాలల్లోనే. గ్రేడ్ల కాలంలో ప్రభుత్వ పాఠశాలల వారికి 0.4 పాయింట్లు కలిపిన బాసర పద్ధతే ఇలాంటి పిల్లలకు దారి చూపింది.